విడాకుల తర్వాత ఫాఫ్సాలో (కాలేజీకి ఫెడరల్ ప్రభుత్వ సాయం అడిగే ఫారం) ఎవరి ఆదాయం చూపించాలి? పాప ట్వెల్త్‌లో ఉంది, సాయం చేయండి

డల్లాస్ అమ్మ:

అందరికీ నమస్కారం. మేము డల్లాస్ దగ్గర ఉంటాం. పాపకి వచ్చే ఫాల్‌లో కాలేజీ, యూటీ (యూనివర్సిటీ ఆఫ్ టెక్సస్) డల్లాస్, యూటీ ఆస్టిన్‌కి అప్లై చేసింది, ఇంకో ప్రైవేట్ యూనివర్సిటీ కూడా దాని లిస్టులో ఉంది. నాకూ పాపకీ గ్రీన్ కార్డ్ ఉంది. ఈ మార్చిలో మా డివోర్స్ డిక్రీ వచ్చింది, కానీ పోయిన ఏడాది ఆగస్టు నుంచే వేరువేరు అపార్ట్‌మెంట్లలో ఉంటున్నాం, పాప నాతోనే ఉంటుంది.

సమస్య ఏంటంటే 2026-27 ఫాఫ్సాకి 2024 టాక్స్ అడుగుతున్నారు, ఆ ఏడాది మేం జాయింట్‌గా ఫైల్ చేశాం. అందులో నా జీతం 38 వేల డాలర్లు, మా మాజీ భర్తది 1,60,000 పైనే. ఆ రిటర్న్ చూస్తే మాకు ఏ ఎయిడూ రాదని ఎవరైనా చెప్తారు, కానీ ఇప్పుడు ఆ డబ్బు నా ఇంట్లో లేదు. ఫోన్ చేసి అడిగితే "నా వివరాలు నేను ఎవరికీ ఇవ్వను, పిల్లని పబ్లిక్ కాలేజీలో వేసి లోన్ తీసుకోమను" అన్నారు. చైల్డ్ సపోర్ట్ డిక్రీలో నెలకి 1,500 అని ఉంది, ఒక నెల మొత్తం వస్తుంది, ఒక నెల సగం, ఒక నెల అసలు రాదు. హెల్త్ ఇన్సూరెన్స్ మాత్రం ఆయన కంపెనీదే నడుస్తోంది. పైగా ఈ సంవత్సరం నుంచి పాపని టాక్స్‌లో డిపెండెంట్‌గా ఆయనే చూపించుకుంటారని డిక్రీలో రాశారు. మరి అలాంటప్పుడు ఫాఫ్సా కూడా ఆయనే నింపాలా? ఆయన నింపకపోతే పాప పరిస్థితి ఏంటి?

ఇంకొకటి, షాద్‌నగర్ దగ్గర 267 గజాల ప్లాట్ ఇద్దరి పేరు మీద ఉంది. డిక్రీలో దాని మాటే లేదు. అది చూపించాలా? రాత్రుళ్ళు నిద్ర పట్టట్లేదు టెన్షన్‌తో, పాప ముందు ఏమీ తెలియనట్టు ఉంటున్నాను. తెలిసినవాళ్ళు చెప్పండి ప్లీజ్.

ఎయిడ్ ఆఫీస్ అక్క:

నేను ఒక కమ్యూనిటీ కాలేజీ ఎయిడ్ ఆఫీసులో పనిచేస్తాను, ప్రతి సీజన్‌లో ఇలాంటి తల్లులు మా కౌంటర్ దగ్గరికి వస్తారు, కాబట్టి కాస్త పెద్దగానే రాస్తాను, ఓపికగా చదవండి.

ముందు డిపెండెంట్ సంగతి. టాక్స్‌లో పాపని ఎవరు చూపించుకున్నారు అన్నదానికీ ఫాఫ్సా ఎవరు నింపాలి అన్నదానికీ సంబంధం లేదు. కస్టడీ ఎవరిది అన్నది కూడా ఇప్పుడు లెక్కలోకి రాదు. పాత పద్ధతిలో పిల్లలు ఎవరింట్లో ఎక్కువ రోజులు ఉన్నారో ఆ పేరెంట్ నింపేవారు. 2024-25 నుంచి అది మారిపోయింది, ఫారం నింపే రోజుకి ముందు పన్నెండు నెలల్లో పిల్ల కోసం ఎవరు ఎక్కువ ఖర్చు పెట్టారో వాళ్ళే ఫాఫ్సా పేరెంట్. ఇద్దరిదీ సరిగ్గా సమానమైతే ఎవరి ఆదాయం లేదా ఆస్తి ఎక్కువో వాళ్ళు. ఈ మార్పు తక్కువ జీతం ఉన్న తల్లులకి చాలా ఇబ్బంది తెచ్చింది, నాకు ఇది అస్సలు నచ్చలేదు, ఎందుకంటే పిల్లని రోజూ చూసుకునేది తల్లి అయినా తండ్రి పంపే చైల్డ్ సపోర్ట్ పెద్దదైతే ఆయన వివరాలే కావాల్సి వస్తుంది. చైల్డ్ సపోర్ట్ ఇచ్చినవాళ్ళ ఖాతాలో పడుతుంది, అది మీ ఖర్చు కింద రాదు.

అందుకే మీరు ముందు కూర్చుని లెక్క రాయండి. డిక్రీలో రాసిన 1,500 కాదు, నిజంగా మీ అకౌంట్లో పడిన డబ్బే ఆయన వైపు రాయాలి. దానికి ఆయన కట్టే హెల్త్ ఇన్సూరెన్స్‌లో పాప భాగం కలపండి. మీ వైపు రెంట్‌లో పాప వాటా, కరెంటు, తిండి, బట్టలు, ఫోన్, కారు, కారు ఇన్సూరెన్స్, డాక్టర్, పళ్ళ డాక్టర్, ఎస్ఏటీ ఫీజులు, కాలేజీ అప్లికేషన్ ఫీజులు అన్నీ రాయండి, కానీ ఆయన పంపిన డబ్బుతో జరిగిన ఖర్చుని మళ్ళీ మీ ఖర్చుగా రాయకండి. రెండు సార్లు లెక్కేసినట్టు అవుతుంది. బ్యాంకు స్టేట్‌మెంట్లు పక్కన పెట్టుకుని రాస్తే రేపు ఎవరైనా అడిగినా చూపించవచ్చు. మీరు చెప్పినదాన్నిబట్టి చూస్తే మీదే ఎక్కువ వచ్చేట్టు ఉంది, అయినా మీ అంకెలు మీరు చూసుకోవాలి.

మీదే ఎక్కువ అని తేలితే ఆయన ఫాఫ్సాలో ఎక్కడా రారు. ఆయన సంతకం అక్కర్లేదు, అనుమతి అక్కర్లేదు, ఆయన ఫోన్ ఎత్తకపోయినా మీ పని ఆగదు. పాప తన అకౌంట్ నుంచి మిమ్మల్ని కాంట్రిబ్యూటర్‌గా (ఫారంలో తన వివరాలు ఇవ్వాల్సిన మనిషి) పిలుస్తుంది, మీరు మీ సొంత స్టూడెంట్ ఎయిడ్ అకౌంట్‌తో లోపలికి వెళ్ళి ఐఆర్ఎస్ (ఫెడరల్ టాక్స్ శాఖ) నుంచి టాక్స్ వివరాలు తీసుకోవడానికి ఒప్పుకుంటున్నట్టు కన్సెంట్ ఇవ్వాలి. ఆ కన్సెంట్ ఇవ్వకపోతే పాపకి ఫెడరల్ ఎయిడ్ మొత్తం పోతుంది, చాలామంది అది ఏదో అనవసరమైన పేజీ అనుకుని నో కొడతారు, దయచేసి అలా చేయకండి.

ఇప్పుడు అసలు చిక్కు, జాయింట్ రిటర్న్. కన్సెంట్ ఇచ్చాక ఐఆర్ఎస్ నుంచి 2024 జాయింట్ రిటర్న్ వివరాలే వస్తాయి, అందులో ఆయన జీతం కూడా కలిసి ఉంటుంది. మీరు ఇప్పుడు డివోర్స్‌డ్ కాబట్టి మీ భాగం మాత్రమే లెక్కలోకి రావాలి, ఆ విడదీసే పని కాలేజీ ఎయిడ్ ఆఫీసు చేస్తుంది. కానీ మీరు చెప్పకపోతే వాళ్ళకి తెలియదు! ఫాఫ్సా సబ్మిట్ చేశాక పాప లిస్టులో ఉన్న ప్రతి కాలేజీకీ విడివిడిగా రాయాలి. ఒక కాలేజీ సరిచేస్తే మిగతావాళ్ళకి అదే వెళ్ళిపోతుందని అనుకోకండి. డిక్రీ కాపీ, మీ 2024 డబ్ల్యూ-2 (కంపెనీ ఇచ్చే జీతం, టాక్స్ కాగితం), ఆయన డబ్ల్యూ-2 మీ దగ్గర ఉంటే అది, జాయింట్ రిటర్న్ కాపీ, మీ ఇప్పటి అపార్ట్‌మెంట్ లీజు సిద్ధంగా పెట్టుకోండి. జాయింట్‌గా ఫైల్ చేశారు కాబట్టి ఆ రిటర్న్ కాపీ అడిగే హక్కు మీకూ ఉంది, ఆయన్ని బతిమాలాల్సిన పని లేదు, ఐఆర్ఎస్ వెబ్‌సైట్లో మీ అకౌంట్ నుంచే ట్రాన్‌స్క్రిప్ట్ తీసుకోవచ్చు.

మీ విషయంలో ఈ విడదీయడం ఎందుకంత ముఖ్యమో చెప్తాను. పెల్ గ్రాంట్, అంటే తిరిగి కట్టక్కర్లేని ఫెడరల్ సాయం, 2026-27కి గరిష్ఠంగా 7,395 డాలర్లు, అది ఒకటి. దానికి మించి, యూటీ సిస్టమ్ వాళ్ళు 2025 ఫాల్ నుంచి ఏజీఐ (టాక్స్ రిటర్న్‌లో సర్దుబాట్ల తర్వాత వచ్చే ఆదాయం) లక్ష డాలర్లు లేదా తక్కువ ఉన్న టెక్సస్ కుటుంబాల పిల్లలకి ట్యూషన్, తప్పనిసరి ఫీజులు పూర్తిగా కవర్ చేస్తామన్నారు, ప్రామిస్ ప్లస్ అంటారు, డల్లాస్, ఆస్టిన్ రెండూ అందులో ఉన్నాయి. ఫుల్‌టైమ్ చదవాలి, ఫాఫ్సా నింపాలి. రెండు లక్షల రిటర్న్ అలాగే ఉండిపోతే పాప ఆ గీత అవతల ఉండిపోతుంది. మీ 38 వేలు మాత్రమే నిలబడితే ఇవతలికి వస్తుంది. కాబట్టి ఎయిడ్ ఆఫీసుకి రాసేటప్పుడు దీని గురించి కూడా పేరు పెట్టి అడగండి.

ప్లాట్ సంగతి. ఇండియాలో ఉన్నా చూపించాలి. మీరు ఉంటున్న సొంత ఇల్లు తప్ప మిగతా స్థలాలు, ఇళ్ళు ఏ దేశంలో ఉన్నా ఆస్తుల కిందకే వస్తాయి. కానీ మొత్తం కాదు, మీ వాటా మాత్రమే, ఫారం నింపే రోజున ఎంత ధర పలుకుతుందో డాలర్లలోకి మార్చి, దాని మీద అప్పు ఉంటే తీసేసి. 401కే, ఐఆర్ఏ లాంటి రిటైర్‌మెంట్ అకౌంట్లు, ఒంటి మీద బంగారం ఇవేవీ ఫాఫ్సా అడగదు. ప్లాట్ చూపిస్తే అంతా పోతుందని భయపడకండి, పేరెంట్ ఆస్తుల్లో ఎక్కువలో ఎక్కువ 5.64 శాతం వరకే లెక్కకి వస్తుంది. అందిన చైల్డ్ సపోర్ట్ కూడా ఇప్పుడు ఆస్తుల దగ్గరే రాయాలి, పోయిన పూర్తి క్యాలెండర్ సంవత్సరంలో వచ్చింది.

పాత ఇంట్లో మీ పేరు ఇంకా ఉందా? ఉంటే, మీరు అక్కడ ఉండట్లేదు కాబట్టి అందులో మీ వాటా కూడా ఆస్తే అవుతుంది. అది చూసుకోండి.

న్యూజెర్సీ నాన్న:

అక్క చెప్పినదాంట్లో కలపడానికి నా దగ్గర పెద్దగా లేదు, కానీ నేను అటువైపు మనిషిని, పిల్లలకి చైల్డ్ సపోర్ట్ కట్టిన తండ్రిని, కాబట్టి రెండు మాటలు చెప్తాను చెల్లెమ్మా. తండ్రులు ఈ ఫారాలు చూసి ఎందుకు బెదురుతారంటే, వివరాలు ఇస్తే డబ్బు కట్టడానికి సంతకం పెట్టినట్టే అనుకుంటారు. అది నిజం కాదు. ఫాఫ్సా గానీ, ప్రైవేట్ కాలేజీలు తమ సొంత సాయం కోసం అడిగే సీఎస్ఎస్ ప్రొఫైల్ ఫారం గానీ నింపినంత మాత్రాన ఎవరూ ఎవరికీ బాకీ పడరు. సీఎస్ఎస్‌లో అయితే విడిపోయిన పేరెంట్‌కి వేరే అకౌంట్ ఉంటుంది, ఆయన ఏం రాశారో మీకు కనపడదు, మీరు ఏం రాశారో ఆయనకి కనపడదు. మా మాజీ భార్యకి నా జీతం తెలిసిపోతుందేమో అని నేను చాలా రోజులు వెనకాడాను, ఇది తెలిశాక ఒక సాయంత్రం కూర్చుని నింపేశాను. మీరు ఫోన్లో అడగకుండా, పాప చేత కాకుండా, ఇద్దరికీ తెలిసిన పెద్దమనిషి ఎవరైనా ఉంటే వాళ్ళ చేత ఈ ఒక్క మాట చెప్పించండి. పిల్లని మధ్యవర్తిని చేస్తే అది నలిగిపోతుంది, నేను కళ్ళారా చూశాను.

ఇంకోటి, రాష్ట్రాన్నిబట్టి చట్టం వేరు. మా న్యూజెర్సీలో కాలేజీ ఖర్చులో వాటా ఇవ్వమని కోర్టు తల్లిదండ్రులని ఆదేశించవచ్చు, 1982లో రాష్ట్ర సుప్రీంకోర్టు ఇచ్చిన న్యూబర్గ్ వర్సెస్ అరిగో తీర్పు దగ్గర్నుంచి అదే నడుస్తోంది. ఇల్లినాయిలో చట్టంలోనే రాసి ఉంది, ఫాఫ్సా నింపమని కూడా జడ్జి చెప్పగలరు. మీ టెక్సస్‌లో అలా లేదు, చైల్డ్ సపోర్ట్ పద్దెనిమిదేళ్ళు నిండేవరకు లేదా హైస్కూల్ అయ్యేవరకు, ఏది తర్వాత వస్తే అంతవరకే. డిక్రీలో మీరిద్దరూ కాలేజీ గురించి ఒప్పుకుని రాసుకుంటే తప్ప కోర్టు బలవంతం చేయదు. మీ డిక్రీ మళ్ళీ ఒకసారి చివరిదాకా చదవండి, లాయర్లు ఏదో మూల ఒక లైను పెట్టి ఉండొచ్చు. రావాల్సిన చైల్డ్ సపోర్ట్ బాకీ మాత్రం వదలొద్దు, టెక్సస్ అటార్నీ జనరల్ ఆఫీసులోనే దానికి ప్రత్యేకంగా విభాగం ఉంది, వసూలు చేసి పెడతారు.

పాప పేరు మీద 529 (కాలేజీ కోసం దాచే పొదుపు ఖాతా) ఏమైనా ఉందా? అది ఆయన ఓనర్‌గా ఉండి, ఆయన ఫాఫ్సా పేరెంట్ కాకపోతే, మీ ఫాఫ్సాలో అది చూపించక్కర్లేదు. అందులోంచి ఆయన పాప ఫీజు కట్టినా ఫాఫ్సాలో దాన్ని పాప ఆదాయంగా లెక్కించరు. మనిషి డబ్బు ఇవ్వనంటున్నా ఒక్కోసారి ఎప్పుడో దాచిన 529 వాడటానికి ఒప్పుకుంటాడు, అడిగి చూడండి.

ఆస్టిన్ తమ్ముడు:

ఆంటీ, నాది పాప వయసుకి దగ్గరి కథే, నేను ఇప్పుడు కాలేజీలో ఉన్నాను. మా నాన్నగారు డివోర్స్ అయ్యాక ఇండియా వెళ్ళిపోయారు, మాతో మాటలు లేవు. ఫాఫ్సాకి ఇబ్బంది రాలేదు, అమ్మ ఒక్కరిదే సరిపోయింది. ప్రైవేట్ కాలేజీల దగ్గరే ఆగిపోయింది. సీఎస్ఎస్ తీసుకునే కాలేజీల్లో చాలావాటికి ఇద్దరి వివరాలూ కావాలి, ఎవరు ఎక్కువ ఖర్చు పెట్టారన్నది వాళ్ళకి పట్టదు. దానికి నాన్‌కస్టోడియల్ పేరెంట్ వేవర్ (విడిపోయిన పేరెంట్ వివరాలు ఇవ్వకుండా మినహాయింపు) అని ఒకటుంది, అది అడగాలి. కానీ జాగ్రత్తగా వినండి, తండ్రి డబ్బు ఇవ్వను అన్నాడు, ఫారం నింపను అన్నాడు అంటే వేవర్ రాదు. కాంటాక్ట్ అసలు లేకపోవడం, ఎక్కడున్నారో తెలియకపోవడం, కొట్టడం, కోర్టు ప్రొటెక్టివ్ ఆర్డర్ లాంటివి ఉండాలి. ఇంటి విషయం తెలిసిన బయటి మనిషి ఉత్తరం కూడా కావాలి. నాకు మా స్కూల్ కౌన్సెలర్ రాశారు. ఒక కాలేజీ ఒప్పుకుంది, ఇంకో కాలేజీ అదే కాగితాలు చూసి కుదరదంది. కాబట్టి ఒకచోట కాదన్నారని అన్నిచోట్లా అంతే అనుకోకండి.

మీ విషయంలో అంకుల్ ఫోన్ ఎత్తుతున్నారు, డబ్బు కొంచెమైనా పంపుతున్నారు, ఇన్సూరెన్స్ ఉంది. కాబట్టి వేవర్ కష్టమే అనిపిస్తోంది. ఆ ప్రైవేట్ యూనివర్సిటీ సైట్లో విడిపోయిన పేరెంట్ వివరాలు అడుగుతారా లేదా అని ముందే చూడండి, అడగని కాలేజీలు కొన్ని ఉన్నాయి, పాప లిస్టులో అలాంటివి రెండు చేరిస్తే మంచిది. సీఎస్ఎస్‌కి ఫీజు ఉంటుంది, కుటుంబ ఆదాయం లక్ష లోపు ఉంటే మాఫీ.

ఇంకా పాపకి విషయం చెప్పండి ఆంటీ. మా అమ్మ కూడా నాకు తెలియకూడదని దాచింది, కానీ ఫాఫ్సా మొదలుపెట్టాల్సింది స్టూడెంటే కదా, ఎలాగూ తెలుస్తుంది. తెలిసి కలిసి చేస్తే నాకు భయం తగ్గేది.

ప్లేనో వాసి:

మధ్యలో అడుగుతున్నందుకు ఏమీ అనుకోకండి. మాది హెచ్1బీ, మా చెల్లెలు హెచ్4 (భర్త వీసా మీద ఆధారపడే వీసా) మీద ఉంది, విడాకుల దాకా వచ్చింది, కొడుకు లెవెంత్. వాళ్ళకి కూడా ఇదే వర్తిస్తుందా?

ఎయిడ్ ఆఫీస్ అక్క:

లేదండి. హెచ్4 మీద ఉన్న పిల్లలకి ఫెడరల్ ఎయిడ్ రాదు, పెల్ గానీ ఫెడరల్ లోన్ గానీ. పౌరసత్వం, గ్రీన్ కార్డ్, శరణార్థి హోదా లాంటి కొన్నిటికే. కానీ చూసేది పిల్లవాడి స్టేటస్, తల్లిదండ్రులది కాదు. బాబు ఇక్కడే పుట్టి ఉంటే అతనికి వస్తుంది, అమ్మకి సోషల్ సెక్యూరిటీ నంబరు లేకపోయినా ఆమె అకౌంట్ తెరిచి కాంట్రిబ్యూటర్‌గా నింపవచ్చు. మీ చెల్లెలికి ఇంకో పెద్ద విషయం ఉంది, డివోర్స్ ఫైనల్ అయిన రోజుతో ఆవిడ హెచ్4 ఆధారం పోతుంది. కాలేజీ సంగతి తర్వాత, ముందు డిక్రీ రాకముందే ఇమ్మిగ్రేషన్ లాయర్‌ని కలవమనండి. ఆలస్యం చేయొద్దు.

ఇంకా డివోర్స్ అయినా రెంట్ భారం వల్ల ఒకే ఇంట్లో ఉంటున్నవాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే, ఫాఫ్సా దృష్టిలో మీ ఇద్దరి ఆదాయమూ లెక్కే. మళ్ళీ పెళ్ళి చేసుకున్న పేరెంట్ ఫాఫ్సా పేరెంట్ అయితే కొత్త భర్త లేదా భార్య ఆదాయం కూడా రాయాలి, ఆ మనిషి పిల్లకి పైసా పెట్టకపోయినా సరే.

డల్లాస్ అమ్మ:

అందరికీ చాలా చాలా థాంక్స్. నిన్న రాత్రి పాపతో కూర్చున్నాను, తమ్ముడు చెప్పినట్టు అన్నీ చెప్పేశాను. అది ముందే చాలా తెలుసుకుని ఉంది. బ్యాంకు స్టేట్‌మెంట్లు చూసి లెక్క రాశాం. ఆయన వైపు ఇన్సూరెన్స్ కలిపినా పదకొండు వేలు దాటలేదు, నా వైపు ఆయన పంపిన డబ్బు తీసేసినా పద్నాలుగు వేలు పైన వచ్చింది, పాప పళ్ళ క్లిప్పుల ఖర్చు మొత్తం నేనే కట్టాను కాబట్టి. పాత ఇల్లు ఆయన పేరు మీదే రాసిచ్చేశాను, 529 లేదు. ప్రైవేట్ యూనివర్సిటీకి ఇద్దరి వివరాలూ కావాలట, మా పెద్దమామయ్య చేత చెప్పిస్తాను, ఒప్పుకుంటే సరే, లేకపోతే ఆ కాలేజీ వదిలేస్తాం అని పాపే అంది.

ఒక్కటే అడగాలి అక్కా, ఎయిడ్ ఆఫీసుకి ఏమని రాయాలి? మా ఇంటి గొడవలన్నీ చెప్పాలా?

ఎయిడ్ ఆఫీస్ అక్క:

గొడవలు ఒక్కటీ అక్కర్లేదు తల్లీ. ఆ ఈమెయిల్ చదివేవాళ్ళకి కావాల్సింది తేదీలు, అంకెలు, కాగితాలు. మొదటి లైన్లో పాప పేరు, స్టూడెంట్ ఐడీ, 2026-27 అని రాయండి. తర్వాత ఇలా రాయండి: "2024లో జాయింట్‌గా ఫైల్ చేశాం, ఫలానా నెల నుంచి విడిగా ఉంటున్నాం, ఫలానా తేదీన విడాకులు మంజూరయ్యాయి, గత పన్నెండు నెలల్లో ఎక్కువ ఖర్చు పెట్టింది నేను, రిటర్న్‌లో నా ఆదాయం ఇంత, మాజీ భర్త ఆదాయాన్ని తీసేసి లెక్కించమని కోరుతున్నాను." ఆ పక్కనే మీ లెక్క కాగితం పెట్టండి. కాగితాలు ఈమెయిల్‌కి జత చేయకండి, సోషల్ సెక్యూరిటీ నంబర్లు ఉంటాయి కదా, కాలేజీ పోర్టల్‌లో అప్‌లోడ్ చేసే చోటు అడగండి. వాళ్ళు స్పెషల్ సర్కమ్‌స్టాన్సెస్ ఫారం ఇస్తే అది కూడా నింపండి, మీ జీతం ఈ మధ్య తగ్గినా, విడాకుల వల్ల ఖర్చులు పెరిగినా అందులోనే చెప్పుకోవాలి. చట్టం ఎయిడ్ ఆఫీసర్‌కి అంకెలు సర్దే అధికారం ఇచ్చింది, కానీ సర్దాలా వద్దా అన్నది వాళ్ళదే తుది మాట, పైన ఫెడరల్ డిపార్ట్‌మెంట్‌కి అప్పీల్ ఉండదు. అందుకే మర్యాదగా, స్పష్టంగా రాయడం ముఖ్యం.

అన్నీ రాసినా ముందు వచ్చే ఫాఫ్సా సమ్మరీలో ఎస్ఏఐ (కుటుంబానికి ఎంత స్తోమత ఉందో చూపే లెక్క) పెద్ద అంకె కనపడవచ్చు, జాయింట్ ఆదాయంతో లెక్కేసింది కాబట్టి. అది చూసి ఏడవకండి, కాలేజీ సరిచేశాక మళ్ళీ లెక్క వస్తుంది. రెండు వారాలు దాటినా జవాబు రాకపోతే ఫోన్ చేయండి, ఎవరితో మాట్లాడారో పేరు రాసుకోండి. డెడ్‌లైన్లు మాత్రం సరిచేసేదాకా ఆగవు, రెండు యూనివర్సిటీల ప్రయారిటీ తేదీలు వాళ్ళ సైట్లో చూసి ఆలోపే ఫాఫ్సా సబ్మిట్ చేసేయండి.

ఒకవేళ ఎక్కడైనా మాట తేడా వచ్చి ఆయనే ఫాఫ్సా పేరెంట్ అన్నారనుకోండి, ఆయన నింపనన్నా పాపకి తలుపులన్నీ మూసుకుపోవు. ఎయిడ్ ఆఫీసు ఒప్పుకుంటే పేరెంట్ వివరాలు లేకుండానే అన్‌సబ్సిడైజ్డ్ లోన్ (చదివే రోజుల్లో కూడా వడ్డీ పడే ఫెడరల్ లోన్) ఇస్తారు, మొదటి సంవత్సరం 5,500 వరకు. గ్రాంట్లు రావు గానీ. మీకు ఆ అవసరం రాదనే అనుకుంటున్నాను. పేరెంట్ ప్లస్ లోన్ (తల్లిదండ్రుల పేరు మీద తీసుకునే ఫెడరల్ లోన్) గురించి ఎవరైనా చెప్తే మాత్రం తొందరపడకండి, 2026 జులై నుంచి కొత్తగా తీసుకునేవాళ్ళకి ఒక్కో పిల్లకి ఏడాదికి 20 వేలు, మొత్తం 65 వేలు అని పరిమితి పెట్టారు, అయినా 38 వేల జీతం మీద అది మోయలేని బరువు.

రాసిన ఈమెయిల్ పంపేముందు పేర్లు, నంబర్లు తీసేసి ఇక్కడ పెట్టండి, చూసి చెప్తాను.

డల్లాస్ అమ్మ:

సరే అక్కా, ఈ రాత్రికి పాప ఫారం మొదలుపెడుతుంది, నా అకౌంట్ ఇందాకే తెరిచాను. ఈమెయిల్ శనివారం పెడతాను.